ఔషధంగా గంజాయి: మోతాదు, భద్రత, చట్టం - ఆర్మూరు పసుపు నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

గంజాయిని మందుగా వాడటం గురించి తెలుగునాట వినిపించే మాటలు రెండు కొసల దగ్గర ఆగిపోతున్నాయి. ఒకవైపు అది మత్తు మాత్రమేననే భయం, మరోవైపు అది సర్వరోగనివారిణి అనే ప్రచారం ఉన్నాయి. ఈ రెంటి నడుమ వైద్యశాస్త్రం ఇంతవరకు తేల్చినది ఎంత, ఆయుర్వేదం 'విజయ' పేరుతో చెప్పినది ఏమిటి, మోతాదును ఎలా లెక్కించాలి, ఎవరికి అది ప్రమాదకరం, చట్టం ఎక్కడ అడ్డుగీత గీసింది అన్న అంశాలను ఈ వ్యాసం వివరిస్తుంది. ఒక మొక్క ఇంటి వైద్యం స్థాయి దాటి ఔషధంగా నిలవడానికి కావలసినవేమిటో ఆర్మూరు ప్రాంతానికి చిరపరిచితమైన పసుపు ఆధారంగా చూపుతుంది.

కీలక పదాలు: గంజాయి, విజయ, పసుపు, కుర్కుమిన్, మోతాదు, మూర్ఛవ్యాధి, కల్తీకల్లు, ఎన్.డి.పి.ఎస్. చట్టం, ఆర్మూరు.

1. ఉపోద్ఘాతం:

నిజామాబాద్ జిల్లా ఆర్మూరు పట్టణం 44వ, 63వ జాతీయ రహదారులు కలిసే చోట ఉంది. పట్టణాన్ని ఆనుకొని నవనాథ సిద్ధుల గుట్ట ఉంది. ఆరు, మూడు కలిసి తొమ్మిదిమంది సిద్ధులు ఇక్కడ తపస్సు చేయడం వల్లనే ఊరికి ఆ పేరు వచ్చిందని స్థానికులు చెప్పుకుంటారు. సిద్ధుల మాట ఎలా ఉన్నా, ఈ ప్రాంతానికి దేశమంతటా పేరు తెచ్చినది మాత్రం పసుపు. ఆర్మూరు, బాల్కొండ, కమ్మర్‌పల్లి మండలాల రైతులు పసుపును తవ్వి, ఉడకబెట్టి, ఎండబెట్టి, పాలిష్ పట్టి నిజామాబాద్ మార్కెట్ యార్డుకు తరలిస్తారు. కమ్మర్‌పల్లిలో పసుపు పరిశోధన కేంద్రం ఉంది. 2019 లోక్‌సభ ఎన్నికల్లో ధర కోసం, బోర్డు కోసం 170 మందికి పైగా రైతులు నిజామాబాద్ స్థానంలో స్వయంగా పోటీకి దిగారు. 2025 జనవరి 14న జాతీయ పసుపు బోర్డు నిజామాబాద్ ప్రధాన కేంద్రంగా ప్రారంభమైంది.

గంజాయి గురించిన వ్యాసానికి పసుపు ప్రస్తావన ఎందుకన్న సందేహం సహజం. మొక్కలోని మందుపదార్థం ఎంత శాతం ఉందన్నదాన్ని బట్టి సరుకు విలువ మారుతుందని ఈ ప్రాంతపు రైతుకు ఎవరూ చెప్పనవసరం లేదు. పసుపులో కుర్కుమిన్ సాధారణంగా 2 నుంచి 5 శాతం వరకు ఉంటుంది. మేఘాలయలో పండే లకడాంగ్ రకంలో అది 7 శాతం ప్రాంతంలో ఉంటుంది. రంగు ఒకటే, వాసన ఒకటే, పేరు ఒకటే అయినా లోపలి పదార్థం మూడింతల తేడాతో ఉండవచ్చు. గంజాయి విషయంలోనూ సమస్యకు మూలం ఇదే. 'గంజాయి మంచిదా, చెడ్డదా' అనే ప్రశ్నకు జవాబు లేదు. ఏ భాగం, ఏ పదార్థం, ఎన్ని మిల్లీగ్రాములు, ఏ మార్గంలో, ఎవరికి, ఏ జబ్బుకు అని విడగొట్టి అడిగినప్పుడే జవాబు దొరుకుతుంది.

2. పేర్ల తికమక:

ముందుగా ఒక అనువాద దోషాన్ని సరిచేసుకోవాలి. ఇంగ్లీషులో 'హెంప్' అనే మాట గంజాయి మొక్కలో మత్తుపదార్థం అతి తక్కువగా ఉండే, నార కోసమో విత్తనం కోసమో పెంచే రకాలకు వాడతారు. కొన్ని తెలుగు రచనల్లో దీన్ని 'జనుము' అనీ 'జనపనార' అనీ అనువదిస్తున్నారు. నిజామాబాద్ రైతులు జీలుగతో పాటు పచ్చిరొట్ట ఎరువుగా చల్లే జనుము పప్పుజాతికి చెందిన వేరే మొక్క. జనపనార ఇంకొక మొక్క. రెంటికీ గంజాయితో చుట్టరికం లేదు. ఈ పొరపాటు నిఘంటువులకే పరిమితమైతే నష్టం లేదు. కానీ 'జనుము నూనె' అనే పేరు చూసి కొన్నవాడికి తాను కొన్నది ఏ మొక్క సారమో తెలియకుండా పోతుంది.

గంజాయి మొక్కలో ఆకును 'భంగు' అనీ, ఆడమొక్క పూతకొసలను 'గంజాయి' అనీ, వాటి నుంచి తీసిన జిగురును 'చరస్' అనీ వ్యవహరిస్తారు. ఆకులో కంటే పూతలో, పూతలో కంటే జిగురులో మత్తుపదార్థం ఎక్కువ. 'తులసివనంలో గంజాయి మొక్క' అనే జాతీయం తెలుగువారి దృష్టిలో దీని స్థానాన్ని చెప్పకనే చెబుతుంది. ఆ వనంలోని తులసికి ఇచ్చినట్టే దీనికీ వైద్యగ్రంథాలు చోటిచ్చిన సంగతి మాత్రం మరుగున పడింది.

3. ఆయుర్వేదంలో విజయ:

ఆయుర్వేదం ఈ మొక్కను విజయ, భంగ అనే పేర్లతో పేర్కొంటుంది. శార్ఙ్గధర సంహిత దీన్ని నల్లమందుతో పాటు 'వ్యవాయి' ద్రవ్యాల కింద చెప్పింది. జీర్ణం కావడానికి ముందే శరీరమంతా వ్యాపించి, ఆ తరువాత పాకం చెందేది వ్యవాయి. గ్రహణి వ్యాధికి చెప్పిన జాతీఫలాది చూర్ణంలో ఇది ముఖ్యద్రవ్యం. ఆకలి పుట్టించేది, మలాన్ని బంధించేది, నిద్ర కలిగించేది అని దీని గుణాలను చెప్పిన వైద్యులే, శోధన చేయకుండా వాడరాదని నియమం పెట్టారు. పోయే నీటిలో ఆకుపచ్చ రంగు తగ్గేదాకా ఆకును కడగడం, ఎండబెట్టడం, పాలలో ఉడికించడం, నేతిలో వేయించడం శోధన పద్ధతుల్లో కొన్ని.

ఈ ప్రక్రియను నేటి రసాయనశాస్త్రం దృష్టితో చూస్తే ఆసక్తికరమైన విషయం బయటపడుతుంది. నీళ్లతో కడిగితే నీటిలో కరిగే పదార్థాలు పోతాయి, జిగురు పోదు. ఎందుకంటే ఈ మొక్కలోని మందుపదార్థాలు నీటిలో కరగవు, కొవ్వులో కరుగుతాయి. పచ్చి ఆకులో అవి ఆమ్లరూపంలో ఉంటాయి. వేడి తగిలినప్పుడే మత్తు కలిగించే రూపానికి మారతాయి. అంటే నేతిలో వేయించడం వల్ల మందు మెత్తబడుతుందన్న నమ్మకం పూర్తిగా సరైనది కాదు. నెయ్యి ఒకవైపు వేడిని, మరోవైపు కొవ్వును అందించి మందును శరీరానికి మరింత అందుబాటులోకి తెస్తుంది. పసుపును వేడి పాలలో వేసి తాగే అలవాటులోనూ ఇదే సూత్రం పనిచేస్తోంది. కుర్కుమిన్ కూడా నీటిలో కరగదు, పాలలోని కొవ్వు దానికి కొంత తోడ్పడుతుంది.

శోధన చేసిన తరువాత కూడా విజయను సామాన్య మూలికగా శాస్త్రం గాని, ప్రభుత్వం గాని చూడలేదు. 1945 నాటి ఔషధ నియమావళిలోని ఇ-1 షెడ్యూలు ఆయుర్వేద, సిద్ధ, యునానీ వైద్యాల్లో వాడే విషద్రవ్యాల జాబితా. అందులో ఉమ్మెత్త, వత్సనాభి, ముష్టి, నల్లమందుల సరసన విత్తనం మినహా గంజాయి మొక్క కూడా ఉంది. ఈ జాబితాలోని ద్రవ్యం కలిసిన మందు డబ్బా మీద వైద్యుని పర్యవేక్షణలోనే వాడాలనే హెచ్చరిక ఉండి తీరాలి. 'ఆయుర్వేదం కాబట్టి హాని లేదు' అనే అమ్మకపుమాటకు ఆయుర్వేద నియమావళే ఇచ్చిన సమాధానం ఇది.

4. సంతరావూరు, కలకత్తా:

తెలుగునేలకు గంజాయి సాగు కొత్త కాదు. బ్రిటిష్ ప్రభుత్వం 1893లో నియమించిన భారత గంజాయి మందుల విచారణ సంఘం 1894లో సంపుటాల కొద్దీ నివేదిక ఇచ్చింది. ఆనాటి మద్రాసు రాజధానిలో గంజాయి పండే చోట్లలో కృష్ణా జిల్లా బాపట్ల తాలూకా సంతరావూరు పరిసరాలు ఒకటి. దానికి తోడు ఉత్తర ఆర్కాటులోని జవ్వాది కొండలు. వెయ్యిమందికి పైగా సాక్షులను విచారించిన ఆ సంఘం, మితంగా వాడేవారిలో చెప్పుకోదగ్గ హాని కనిపించలేదనీ, అతిగా వాడితే హాని తప్పదనీ, నిషేధం కన్నా పన్ను, లైసెన్సుల ద్వారా అదుపు మేలనీ తేల్చింది. ఖజానాకు ఆదాయం వచ్చే సరుకు మీద ప్రభుత్వం వేసిన సంఘమిది అన్న సంగతి గుర్తుంచుకొని ఆ నివేదికను చదవాలి. అయినా సాక్ష్యాలను అంత విస్తృతంగా సేకరించిన విచారణ ఆ కాలంలో మరొకటి లేదు.

అంతకు అర్ధ శతాబ్దం ముందే, 1839లో, కలకత్తా వైద్యకళాశాల ఆచార్యుడు విలియం బ్రూక్ ఓషానసీ ఈ మొక్క మీద చేసిన ప్రయోగాలను ప్రకటించాడు. ముందు జంతువులకు ఇచ్చి, ఆ తరువాత కీళ్లనొప్పులు, కలరా, ధనుర్వాతం ఉన్న రోగులకు ఇచ్చి చూశాడు. కొన్నివారాల పసికందుకు వచ్చిన మూర్ఛలు ఈ మందుతో తగ్గాయని కూడా రాశాడు. ఆయన ద్వారానే ఇది యూరప్ వైద్యంలోకి వెళ్లింది. వందేళ్లు తిరగకముందే అక్కడి మందుల గ్రంథాల నుంచి తొలగిపోయింది. బ్రిటిష్ ఫార్మకోపియా నుంచి 1932లో, అమెరికా ఫార్మకోపియా నుంచి 1942లో దీన్ని తీసివేశారు. అందుకు చట్టాలు, పన్నులు కొంత కారణమైతే, వైద్యుని ఇబ్బంది మరికొంత కారణం. ఒక సీసా అరకు ఏ పనీ చేయదు, తరువాతి సీసాలోని అదే మోతాదు రోగిని మైకంలో ముంచెత్తుతుంది. అందులోని మందుపదార్థం ఏదో తెలియదు, కొలిచే సాధనం లేదు. నీటిలో కరగదు కనుక సూదిమందుగా ఇవ్వడానికి వీలు లేదు. ఆ కాలంలోనే వచ్చిన మార్ఫిన్ సూది ఈ అరకును పక్కకు నెట్టింది.

1964లో ఇజ్రాయెల్ శాస్త్రజ్ఞులు రఫాయెల్ మెషూలం, యెహియెల్ గావోనీ ఈ మొక్కలోని ప్రధాన మత్తుపదార్థాన్ని శుద్ధరూపంలో వేరుచేశారు. అది టెట్రాహైడ్రోకన్నాబినాల్, క్లుప్తంగా టీహెచ్‌సీ. దానికి జంటగా ఉండే కన్నాబిడియాల్, అనగా సీబీడీ, మత్తు కలిగించదు. తరువాతి దశాబ్దాల్లో మెదడులో ఈ పదార్థాలు అతుక్కునే గ్రాహకాలు బయటపడ్డాయి. బయటి మొక్క కోసం శరీరంలో తాళంకప్ప ఎందుకుంటుంది, శరీరమే తయారుచేసుకునే తాళంచెవి ఏదో ఉండాలి అన్న తర్కంతో వెదకగా 1992లో ఒక కొవ్వుపదార్థం దొరికింది. దానికి సంస్కృత 'ఆనంద' శబ్దాన్ని చేర్చి 'ఆనందమైడ్' అని పేరు పెట్టారు. నొప్పి, ఆకలి, వాంతి, జ్ఞాపకం, భయం వంటి వాటిని సర్దుబాటు చేసే వ్యవస్థలో అది భాగం. ఈ ఒక్క మొక్క అన్ని రకాల ఫలితాలను, అన్ని రకాల దుష్ఫలితాలను చూపడానికి కారణం ఇదే.

5. ఏ జబ్బుకు ఎంత ఆధారం:

ప్రచారంలో ఉన్న జబ్బుల జాబితా పొడవు, రుజువైన జాబితా చిన్నది. అన్నిటికన్నా బలమైన ఆధారం పిల్లల్లో వచ్చే కొన్ని మొండి మూర్ఛలకు ఉంది. లెనాక్స్-గాస్టో, డ్రావె అనే అరుదైన మూర్ఛవ్యాధులకు శుద్ధిచేసిన సీబీడీ ద్రావణాన్ని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018 జూన్‌లో అనుమతించింది. ట్యూబరస్ స్క్లిరోసిస్ వల్ల వచ్చే మూర్ఛలను 2020లో ఆ జాబితాకు చేర్చింది. క్యాన్సర్ మందుల వల్ల వచ్చే వాంతులకు కృత్రిమంగా తయారుచేసిన టీహెచ్‌సీ గుళికలు 1985 నుంచి అక్కడ ఉన్నాయి. మల్టిపుల్ స్క్లిరోసిస్‌లో కండరాలు బిగదీసుకుపోయే బాధకు టీహెచ్‌సీ, సీబీడీ ఇంచుమించు సమపాళ్లలో ఉన్న నోటి స్ప్రే పలు దేశాల్లో వాడుకలో ఉంది.

దీర్ఘకాలిక నొప్పి విషయంలో పండితుల మధ్యనే ఏకాభిప్రాయం లేదు. పెద్దవారిలో నొప్పి తగ్గుతుందనడానికి గట్టి ఆధారం ఉందని అమెరికా జాతీయ అకాడమీల 2017 నివేదిక అన్నది. అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం 2021లో ఈ మందులను నొప్పికి సాధారణంగా వాడాలని సిఫార్సు చేయలేమన్నది. ఇద్దరూ చూసినవి చాలావరకు ఒకే తరహా అధ్యయనాలు. కొద్దిమందికి కొద్దిగా మేలు జరిగింది, చాలామందికి తలతిరుగుడు, మగత కలిగాయి. ఆ కొద్దిని ఎలా తూచాలన్న దగ్గరే తేడా. పసుపుచేలో ఏళ్ల తరబడి వంగి పనిచేసిన వారి మోకాళ్ల అరుగుదలకు గంజాయి నూనె పనిచేస్తుందని చెప్పడానికి మాత్రం తగిన ఆధారం లేదు. క్యాన్సర్ గడ్డ కరుగుతుందన్నది పరీక్షనాళికల్లోని కణాలను చూసి మనుషులకు అన్వయించిన మాట. ఈ మాట నమ్మి కీమోథెరపీ మానుకున్న రోగికి జరిగే నష్టం ఆ మొక్క వల్ల వచ్చేది కాదు, మానుకున్న చికిత్స వల్ల వచ్చేది.

6. మోతాదు లెక్క:

ఈ భాగాన్ని ఒక ఉదాహరణతో చూడటం మేలు. 20 కిలోల బరువున్న బిడ్డకు మొండి మూర్ఛలు ఉన్నాయనుకుందాం. ఆమోదం పొందిన సీబీడీ మందును కిలోకు 2.5 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు రెండుసార్లు మొదలుపెడతారు. అంటే పూటకు 50, రోజుకు 100 మిల్లీగ్రాములు. అవసరమైతే డాక్టరు దాన్ని క్రమంగా కిలోకు రోజుకు 20 మిల్లీగ్రాముల దాకా, అంటే ఈ బిడ్డకు 400 మిల్లీగ్రాముల దాకా పెంచవచ్చు. ఇప్పుడు ఇంటర్నెట్‌లో కొన్న 30 మిల్లీలీటర్ల సీసాను తీసుకుందాం. దానిమీద 1,000 మిల్లీగ్రాములు అని ఉంది. మిల్లీలీటరుకు 33 మిల్లీగ్రాములన్నమాట. ఇరవై చుక్కలు ఒక మిల్లీలీటరు అనుకుంటే, 'పూటకు అయిదు చుక్కలు' అనే సలహా ప్రకారం బిడ్డకు అందేది 8 మిల్లీగ్రాములు. ప్రయోగాల్లో వాడిన ఆరంభ మోతాదులో అది ఆరో వంతు. గరిష్ఠ మోతాదు ఇవ్వాలంటే ఆ సీసా రెండున్నర రోజులకే ఖాళీ అవుతుంది.

ఇది లేబులు నిజమని నమ్మి వేసిన లెక్క. 2017లో అమెరికాలో ఆన్‌లైన్‌లో అమ్మే 84 సీబీడీ సరుకులను పరీక్షించినప్పుడు మూడోవంతు కన్నా తక్కువ వాటిలోనే లేబులు సరిగా ఉంది. 18 సరుకుల్లో చెప్పకుండా టీహెచ్‌సీ ఉంది. మత్తు ఉండదని నమ్మి బిడ్డకు పట్టే నూనెలో మత్తుపదార్థం ఉండటం చిన్న విషయం కాదు. నూనె పని చేస్తోందనుకొని తల్లిదండ్రులు మూర్ఛ మందులను తగ్గించడం అంతకన్నా పెద్ద ప్రమాదం. మూర్ఛ మాత్రలు ఒక్కసారిగా ఆపితే ఆగకుండా ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. అనుమతి పొందిన సీబీడీని సైతం ఉన్న మందులకు అదనంగానే ప్రయోగాల్లో ఇచ్చారు, వాటికి బదులుగా కాదు.

మందును కడుపులోకి తీసుకునే తీరు కూడా మోతాదులో భాగమే. ఆమోదించిన సీబీడీ ద్రావణాన్ని కొవ్వు ఎక్కువగా ఉన్న భోజనంతో తీసుకుంటే ఖాళీ కడుపుతో పోలిస్తే రక్తంలోకి చేరే భాగం నాలుగింతలు అవుతుంది. కాబట్టి ఒకరోజు పరగడుపున, మరోరోజు నేతిబువ్వతో ఇస్తే ఒకే మోతాదు రెండు మోతాదులవుతుంది. రోజూ ఒకే వేళకు, ఒకే రకం తిండితో ఇవ్వాలనడం అందుకే.

టీహెచ్‌సీ ఉన్న మందులకు సూత్రం 'తక్కువతో మొదలుపెట్టి మెల్లగా పెంచడం'. వైద్యులు సాధారణంగా 2.5 మిల్లీగ్రాముల ప్రాంతంలో మొదలుపెడతారు. పొగ రూపంలో పీల్చినది నిమిషాల్లో తలకెక్కి కొన్ని గంటల్లో దిగుతుంది. మింగినది ఆరంభం కావడానికే అరగంట నుంచి గంటన్నర పడుతుంది, తారస్థాయికి రెండు నుంచి నాలుగు గంటలు పట్టవచ్చు. పైగా కాలేయం దాన్ని మరింత ఘాటైన రూపంలోకి మారుస్తుంది. పండుగనాడు భంగు ఉండ తిని 'ఏమీ కాలేదు' అని గంట తిరగకుండా ఇంకొకటి తిన్నవారు ఆసుపత్రికి చేరడానికి కారణం ఈ ఆలస్యమే. పొగ విషయానికొస్తే, అందులోని తారు, కాలుడు పదార్థాలు ఊపిరితిత్తులకు హాని చేస్తాయి. మోతాదును కొలవడానికీ వీలుండదు. మందు కోసం పొగను ఏ వైద్యమండలీ మొదటి మార్గంగా సూచించదు.

7. ఎవరికి వద్దు, దేనితో వద్దు:

స్కిజోఫ్రీనియా వంటి మనోవ్యాధి తనకు గాని, దగ్గరి రక్తసంబంధీకులకు గాని ఉన్నవారికి టీహెచ్‌సీ ప్రమాదకరం. మెదడు ఎదుగుదల ఇరవైల నడిమి దాకా సాగుతుంది కనుక కౌమారంలో ఉన్నవారికి, యువకులకు హాని ఎక్కువ. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, గుండెజబ్బు అదుపులో లేనివారు దీనికి దూరంగా ఉండాలి. రోజూ ఎక్కువగా వాడేవారిలో కొందరికి వాంతులు తగ్గడానికి బదులు ఆగకుండా వాంతులయ్యే స్థితి కూడా వస్తుంది. వాడిన రోజు ట్రాక్టరు, పసుపు పాలిష్ యంత్రం, మోటారుసైకిలు నడపడం తగదు.

ఇతర మందులతో దీని పేచీ కాలేయంలో జరుగుతుంది. రక్తం పలుచన చేసే వార్ఫరిన్ వాడేవారిలో రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. మూర్ఛకు ఇచ్చే క్లోబజామ్ నుంచి పుట్టే క్రియాశీల పదార్థం సీబీడీ తోడైతే దాదాపు మూడింతలై మగత కమ్ముతుంది. వాల్ప్రోయేట్ తీసుకునే పిల్లల్లో కాలేయపు ఎంజైములు పెరిగే ప్రమాదం ఉంది. అందుకే మొదలుపెట్టే ముందు, ఆ తరువాత ఒకటి, మూడు, ఆరు నెలలకు కాలేయ పరీక్షలు చేయిస్తారు.

నిజామాబాద్ ప్రాంతంలో వైద్యుడు అడగవలసిన ప్రశ్న ఇంకొకటుంది, కల్లు తాగుతారా అని. ఇక్కడ కొన్నిచోట్ల కల్లులో డైజిపామ్, ఆల్ప్రజోలామ్, క్లోరల్ హైడ్రేట్ కలిపి అమ్మే దురాచారం దీర్ఘకాలంగా ఉంది. 2015లో కల్తీ మీద దాడులు జరిగి సరఫరా ఆగినప్పుడు, వందలాది మంది వణుకు, పిచ్చిచూపులు, ఫిట్స్‌తో ఆసుపత్రులకు వచ్చారు. తమకు తెలియకుండానే వారు నిద్రమాత్రలకు బానిసలయ్యారు. అలాంటి వ్యక్తికి టీహెచ్‌సీ లేదా సీబీడీ తోడైతే మగత మీద మగత చేరుతుంది. 'నాకు ఏ మందులూ లేవు' అని ఆ రోగి చెప్పేది అబద్ధం కాదు, అతనికి నిజంగానే తెలియదు.

పసుపును ఇక్కడ మరోసారి చూడాలి. కూరలో వేసే పసుపు తరతరాలుగా నిరపాయమని రుజువైనదే. కానీ కుర్కుమిన్‌ను సారంగా తీసి, శోషణ పెంచడానికి మిరియాల్లోని పైపెరిన్ చేర్చి గుళికలుగా అమ్మడం మొదలైన తరువాత ఇటలీలో 2019లో, అనంతరం అమెరికా, ఆస్ట్రేలియాల్లో కాలేయం దెబ్బతిన్న కేసులు నమోదయ్యాయి. రెండు గ్రాముల కుర్కుమిన్‌కు 20 మిల్లీగ్రాముల పైపెరిన్ తోడైతే శోషణ ఇరవై రెట్లు పెరిగిందని బెంగళూరులో జరిగిన 1998 అధ్యయనం చూపింది. వంటింటి అనుభవం గుళికకు హామీ ఇవ్వదు. భంగు ఆకు అనుభవం గాఢ సారానికి హామీ ఇవ్వకపోవడం కూడా ఇలాంటిదే.

8. చట్టపు గీత:

1985 నాటి మాదకద్రవ్యాల చట్టం, అంటే ఎన్.డి.పి.ఎస్. చట్టం, గంజాయి అంటే పూతకొసలు, కాయకొసలు అని నిర్వచించింది. కొసలతో కలిసి లేని ఆకు, విత్తనం ఆ నిర్వచనంలోకి రావు. ఆయుర్వేద మందులు ఆకు ఆధారంగా తయారు కావడానికి ఈ సందే కారణం. అయితే ఆకు మీద రాష్ట్రాల ఎక్సైజు చట్టాల అదుపు ఉంటుంది కనుక పెరట్లో మొక్క పెంచుకొని ఆకు కోసుకోవచ్చని అర్థం కాదు. మొక్క పెంచడమే నేరం. దానికి పదేళ్ల దాకా కఠిన కారాగారం, లక్ష రూపాయల దాకా జరిమానా విధించవచ్చు. గంజాయి ఒక కిలో వరకు 'స్వల్ప పరిమాణం', 20 కిలోలు దాటితే 'వాణిజ్య పరిమాణం'. రెండోదానికి శిక్ష పదేళ్ల నుంచి ఇరవై ఏళ్ల దాకా ఉంటుంది. వైద్య, శాస్త్రీయ అవసరాలకు సాగును అనుమతించే అధికారాన్ని 10వ సెక్షను రాష్ట్ర ప్రభుత్వాలకు ఇచ్చింది. అంతర పంటల మాటున గంజాయి మొక్కలు పెంచే రైతులకు రైతుబంధు ఆపివేస్తామని తెలంగాణ ప్రభుత్వం 2021 అక్టోబరులో ప్రకటించింది. మందు కోసం పెంచానన్న వాదన కోర్టులో నిలవదు.

2020 డిసెంబరు 2న ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాల కమిషన్ 27-25 ఓట్ల తేడాతో గంజాయిని 1961 ఒప్పందపు అతి కఠినమైన నాలుగో జాబితా నుంచి తొలగించింది. భారతదేశం తొలగింపుకు అనుకూలంగా ఓటు వేసింది. దీన్ని కొందరు 'గంజాయికి అనుమతి' అని ప్రచారం చేశారు. అది మొదటి జాబితాలో అలాగే ఉంది. మారిందల్లా దానికి వైద్య విలువ ఉండవచ్చునని ఒప్పుకోవడమే.

ఆర్మూరు ప్రాంతానికి చట్టం విషయంలో ఇంకో కోణం ఉంది. ఇక్కడి ఊళ్ల నుంచి వేలాదిమంది గల్ఫ్ దేశాల్లో పనిచేస్తున్నారు. ఎమిరేట్స్, సౌదీ అరేబియాల్లో మాదకద్రవ్యాల చట్టాలు అతి కఠినం. మన వంటింటి గసగసాలు సైతం అక్కడ నిషిద్ధం. ఆయుర్వేద దుకాణంలో కొన్న విజయ మాత్ర, కీళ్లనొప్పికి రాసుకునే సీబీడీ లేపనం సూట్‌కేసులో దొరికితే, అది మందని చెప్పే తెలుగు చీటీ ఉపయోగపడదు. అమెరికాలోని కొన్ని రాష్ట్రాల్లో దుకాణంలో దొరికే టీహెచ్‌సీ మిఠాయిలను తల్లిదండ్రుల మోకాళ్ల కోసం శంషాబాద్‌కు తెచ్చినవారు కూడా ఇక్కడి చట్టం ముందు దిగుమతి నేరం చేసినవారే అవుతారు.

9. నొప్పికి ఉన్న మార్గం:

గంజాయి నూనె గురించి అడిగే కుటుంబాల్లో క్యాన్సర్ చివరిదశలో ఉన్నవారి కుటుంబాలు తరచు ఎదురవుతాయి. వారికి కావలసింది గంజాయి కాదు, నొప్పి తగ్గడం. ఆ నొప్పికి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆవశ్యక ఔషధాల జాబితాలో ఉన్న మార్ఫిన్ మాత్ర దశాబ్దాలుగా పరీక్షకు నిలిచినది, చవకైనది, మోతాదు తెలిసినది. 1985 చట్టపు కఠిన నిబంధనల వల్ల అది కూడా చాలాకాలం ఆసుపత్రులకు అందలేదు. 2014లో పార్లమెంటు ఆ చట్టాన్ని సవరించి మార్ఫిన్‌ను 'ఆవశ్యక మాదక ఔషధాల' కింద చేర్చి, రాష్ట్రానికో నియమాన్ని తొలగించి ఒకే అనుమతి విధానం పెట్టింది. హైదరాబాద్ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో ఉపశమన చికిత్స విభాగం ఉంది. నొప్పికి మార్ఫిన్ ఇస్తున్నప్పుడు మలబద్ధకానికి, వాంతికి తోడు మందు ఇవ్వడం, నాలుగు గంటలకొకసారి వేళ తప్పకుండా మాత్ర వేయడం, నొప్పి పెరిగితే మోతాదును లెక్కప్రకారం పెంచడం అక్కడ నిత్యకృత్యం. గంజాయి నుంచి వచ్చిన ఏ మందూ నొప్పి విషయంలో ఇంత కచ్చితమైన మోతాదు పట్టికను ఇంతవరకు సంపాదించుకోలేదు.